ఇస్త్రీబాబు చెవి

బొమ్మల సినిమాలు తీసే ఆ ఆఫీసులో అందరూ కొత్త సినిమాలోని రాకుమారుణ్ణి ఇస్త్రీబాబు అనేవాళ్లు. చొక్కాలో మడత లేదు, నుదుట గీత లేదు, మనసులో మాట అసలే లేదు. గుర్రం దిగుతాడు, నవ్వుతాడు, నాట్యానికి చెయ్యి చాస్తాడు. రాకుమారికి కోపం, ఏడుపు, నాలుగు పాటలు ఉన్నాయి. ఆవిడగారి పెంపుడు ఉడుతకైనా నిద్రలో గురకపెట్టే అలవాటుంది. వీడికి అదీ లేదు.

"అక్కా, వీడికి కాస్త ప్రాణం పొయ్యి," అన్నాడు డైరెక్టరు, వాడి బొమ్మలు గీసే ఆమెతో. ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడు. "ఏదో ఒక అలవాటు పెట్టు. ఆ పిల్ల వీడిలో ఏం చూసి మనసు పారేసుకుందో మనకి తెలియొద్దూ?"

బొమ్మల్ని కదిలించడం ఆమెకి పద్దెనిమిదేళ్లుగా కూడు పెడుతున్న పని.  ఆ మధ్యాహ్నం తెర మీద రాకుమారుడి చెయ్యి పైకి లేచి, చెవి తమ్మె పట్టుకుని, రెండుసార్లు మెల్లగా లాగింది.

అది ఆమె భర్త అలవాటు. అతను పోయి ఆరేళ్లు. మనసులో మాట బయటపెట్టేముందు అలా చెవి లాక్కునేవాడు. "నిజం చెప్పమంటావా? కూర మాడింది. బాగా మాడింది. ఇంకొంచెం వెయ్యి." ఆస్పత్రి మంచం మీద కూడా అంతే, చెవి లాక్కునే అన్నాడు, "నిజం చెప్పనా? భయంగా ఉంది."

ఇప్పుడు ఇస్త్రీబాబు మేడమెట్ల మీద చెవి లాక్కుని, "నాకు నాట్యం రాదు," అన్నాడు. డైరెక్టరు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. సినిమాలో ముప్పైఒక్క చోట్ల వాడిచేత చెవి లాగించింది. ఒక్కో లాగుడికి ఇరవైకి పైగా బొమ్మలు. ఇంట్లో అత్తగారికి మాత్రం చెప్పలేదు. సినిమా విడుదలయ్యాక ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూపించాలని ఆశ.

ముందుగా కొందరు పిల్లల్నీ తల్లుల్నీ పిలిచి సినిమా వేశారు. "వాడికి చెవిపోటా?" అని అడిగింది ఒక చిన్నది. హాలంతా నవ్వింది. మరీ బెదురుగొడ్డులా ఉన్నాడు, రాకుమారుడిలా లేడు అన్నారు తల్లులు.

మర్నాడు డైరెక్టరు ఆమె బల్ల దగ్గరికొచ్చి నేల చూపులు చూశాడు. "అక్కా, పైవాళ్లు ఆ చెయ్యి దించెయ్యమన్నారు."

"ఎక్కడెక్కడ?"

"అంతటా. వేరేవాళ్లకి ఇవ్వనా?"

"వద్దు. నేనే దించుతాను."

నాలుగు రోజులు పట్టింది. ఆఖరి రెండు చోట్లకి వచ్చాక ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒకచోట రాకుమారుడు ఎడమ చెవి లాగుతున్నాడు, ఇంకోచోట కుడి చెవి. పని తగ్గుతుందని గీసిన బొమ్మనే అద్దంలోలాగా తిప్పి వాడేశారు, మామూలే. మరి ఆయన లాక్కునేది ఏ చెవి?

కళ్లు మూసుకుంది. భోజనాల బల్ల వచ్చింది, మాడిన కూర వచ్చింది. చెయ్యి కూడా లేచింది, కానీ దానికి రాకుమారుడి తెల్లటి చేతితొడుగు. దాని వెనక మొహం మీద ఒక్క గీత లేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో బఠాణీలు ఒలుస్తున్నారు.

"అత్తయ్యా, ఆయన చెవి లాక్కునేవారు కదా, ఏ చెవి?"

"అదేం ప్రశ్నే?" ఆవిడ నవ్వి చెయ్యెత్తారు. "ఇదిగో, ఇది." అంతలోనే చెయ్యి ఆగింది. "ఉండు. నాకెదురుగా కదా కూర్చునేవాడు? అయితే ఇది." రెండో చెయ్యి లేచింది. అదీ గాల్లోనే నిలబడింది. ఆవిడ మొహంలో నవ్వు ఆరిపోయింది. "నువ్వు చెప్పవే. కట్టుకున్నదానివి, నీకు తెలియదూ?"

రెండు చేతులూ అలాగే ఎత్తి కోడలి వంకే చూస్తున్నారావిడ.

"ఎడమదే, అత్తయ్యా," అంది ఆమె.

"ఆఁ, ఎడమదే," అని ఆవిడ చేతులు దించి, మళ్లీ బఠాణీలు ఒలవసాగారు. "నాకు తెలుసు. ఎడమదే."