మూడు గంటలు వెనకబడ్డ రిపోర్టు

టెక్కలిలో డాక్టర్ హిమజ చూసే తెర మీద డయాలసిస్ పేషెంటు బైరాగి పొటాషియం నాలుగున్నర అని ఉంది. పలాస ల్యాబులో ఆ ఉదయం తీసిన రక్తంలో మాత్రం అది ఏడు.

పలాసలో పై అంతస్తులో కూర్చున్న ధరణి తన తెర మీద రెండు అంకెలూ పక్కపక్కన చూసింది. ఆ ప్రైవేటు కిడ్నీ ఆసుపత్రికి పలాసలో ల్యాబు, టెక్కలిలో డయాలసిస్. రెండు చోట్లా కంప్యూటర్లు చూసుకునేది ఆమే. ల్యాబు సర్వరు నుంచి ఫైళ్లు పై అంతస్తులోని పెద్ద సర్వరుకి చేరితేనే టెక్కలిలో కనిపిస్తాయి. మూడు వారాలుగా ఆ దారి నత్తనడక నడుస్తోంది. బరువైన స్కానింగ్ బొమ్మల వెనక రక్తం రిపోర్టులు మూడేసి గంటలు బారులు తీరుతున్నాయి. డాక్టరు చూస్తున్నది పోయిన వారం అంకె!

ఏడంటే గుండె ఏ క్షణాన్నైనా ఆగిపోవచ్చు.

హిమజకి ఫోన్ చేసింది. “బైరాగా? బాగానే ఉన్నాడుగా. డయాలసిస్ ఎల్లుండికి మార్చి ఇప్పుడే పంపేశాను” అంది హిమజ. ధరణి అసలు అంకె చెప్పింది. అవతల కుర్చీ జరిగిన చప్పుడు. “వ్యాన్ పంపుతున్నా. అతన్ని కదలనివ్వకు!”

బైరాగి హుషారుగా ఫోనెత్తాడు. “ఏటి గుంటా? డాక్టరమ్మ బాగుందనీసింది. బస్టాండు కాడ బొండం కొట్టించినాను. దీని రుచి సూసి ఏడాదైపోనాది.”

“తాగేశావా తాతా?”

“గొట్టం ఏత్తన్నాను.”

“పారబొయ్యి! దాన్నిండా పొటాషియమే, ఇప్పుడు నీకు విషం!”

“కొబ్బరితోటల ఉద్దానపోణ్ని పట్టుకుని బొండం పారబొయ్యమంటావేటే!” అని నవ్వాడు. ఆమె గొంతులో ఏం వినిపించిందో, నవ్వు ఆగింది. నీళ్లు నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది.

ముప్పావు గంటకి హిమజ ఫోన్. “మిషన్ మీద ఉన్నాడు. గుండె అప్పటికే లయ తప్పింది. గండం గడిచింది. కానీ ధరణీ, ఇదెలా జరిగింది?”

ధరణి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కిందికి దిగింది. ల్యాబు సర్వరుకి నేరుగా తగిలిస్తే పెద్ద ఫైలు పది సెకన్లలో వచ్చేసింది. అదే ఫైలు పై అంతస్తుకి పంపితే పావుగంట. అంటే సర్వర్లు రెండూ మంచివే, దోషం మధ్య తీగలో ఉంది. గోడ వెంట చేత్తో తడుముతూ నడిచింది. తిన్నగా మెట్ల మీదికి పోవాల్సిన తీగ రక్తం తీసే గదిలోకి మళ్లి, స్టీలు బీరువా వెనక దూరింది.

బీరువా తాళం ఆ గదిలో రక్తం తీసే నీలకంఠం మొలతాడుకే ఉంటుంది. మందస నుంచి బారువ దాకా ఆయన సూది పెట్టని చెయ్యి లేదు. ధరణికి ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

“మావా, ఇది తియ్యి.”

ఆయన బీరువా తెరిచాడు. దూది పొట్లాల వెనక ఒక పాత పెట్టె లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. రెండేళ్ల కిందట ఆమే తుక్కులో పడేయించిన నెట్‌వర్క్ పెట్టె అది. తీగను కోసి దాని గుండా తిప్పారు. చక్రం ఊడిన ఎద్దుబండిని హైవే మీద అడ్డం పెట్టినట్టు.



“బైరాగి బతికున్నాడా?” అన్నాడు నీలకంఠం.

“బతికాడు. ఎవరు చేశారిది?”

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

“నానేనమ్మా. రిపోర్టు పైకెల్లగానే పేషెంటు ఫోనుకి మెసేజీ పోతాది కదా. కంచిలి కృష్ణవేణి ఇంటికెల్లే బస్సులో కూకుని అది సూసుకున్నాది. బెంగతో మందస రోడ్డు కాడ దిగిపోనాది. మరింక డయాలసిస్‌కి రానేలేదు, నెల తిరక్కుండా సచ్చిపోనాది. అలాటి అంకె ఫోను సెప్పకూడదమ్మా. పక్కన కూకుని, అన్నం తిన్నావా అని అడిగి, సెయ్యట్టుకుని మనిసి సెప్పాల. ఆ కాసింత టైము కోసం పెట్టినాను. పాత పెట్టెతో అన్నీ నెమ్మదైపోతాయని ఓపాలి నువ్వే అన్నావు. మెసేజీ ఒకటే ఆలీసమవుతాదనుకున్నాను. డాక్టరమ్మ కూడా ఆ దారంటే సూత్తాదని నాకు తెల్దు. ఈ పొద్దు బైరాగిది ఏడని మిషను సూపినపుడు సెప్దామని బయటికొచ్చినాను. అప్పటికే టెక్కలి బస్సెక్కీసినాడు. అక్కడ డాక్టరమ్మ సూసుకుంటాదిలే అని ఊరుకున్నాను. ఫోను సేతిలోనే ఉన్నాది తల్లీ, సెయ్యలేదు.”