ఎలెంగూ పక్కన చోటు

శ్మశానం మధ్యలో గోడ లేస్తుందన్న కబురు తెచ్చినవాడు యకూమిస్ బావమరిది హంబిస్. కట్టబోయే మేస్త్రీ కూడా అతనే.

"తాడు పట్టి చూశాను బావా," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "అక్క సమాధి తూర్పున పాదిరి వైపు పడింది. పక్కన నువ్వు ఉంచుకున్న చోటు పడమట మసీదు హోజా వైపు పడింది. తాడు సరిగ్గా మీ ఇద్దరి మధ్యలోంచి పోయింది."

"తాడు జరుపు."

"తాడు నాదే. గీత వాళ్లది."

యకూమిస్ ఆలివ్ గింజ ఉమ్మేసి మళ్లీ రొట్టె తుంచుకున్నాడు. భార్య ఎలెంగూ పోయి ఏడాదయింది. ఆవిడ పక్కన మనిషి పట్టేంత నేల తప్ప అతనికి ఈ లోకంతో వేరే పని మిగల్లేదు.

సైప్రస్ దీవిలో ఆ ఊళ్లో అందరికీ రెండేసి పేర్లు. అతను చర్చిలో యకూమిస్, మసీదులో యాకూబ్. ఆవిడ అక్కడ ఎలెంగూ, ఇక్కడ ఎమినే. పక్క ఊళ్లవాళ్లు వీళ్లని నారనూలోళ్లు అంటారు. నార పడుగూ నూలు పేకా కలిపి నేసిన బట్ట అని అర్థం. మెచ్చుకుంటూ ఎవరూ అనరు.

ఈ తెలివి తాతలది. ఫ్రాంకు రాజులు వస్తే తాతలు వాళ్ల పొలాలు దున్నారు. వెనిస్‌వాళ్లు వస్తే వాళ్ల కోటలకు రాళ్లు మోశారు. తుర్కులు వచ్చి క్రైస్తవుడి తలకు పన్ను అన్నారు. తాతలు ఆ తలకు తలపాగా చుట్టారు. పిల్లలకు ఇంటిలోపల బాప్తిస్మం, వీధిలో మేళంతో సున్తీ. మూడు వందల ఏళ్లు ఎవరికీ ఇబ్బంది లేకుండా గడిచింది. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు వచ్చి, ఎవరి దేవుణ్ణి వాళ్లు ధైర్యంగా కొలుచుకోండి అన్నారు. కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఎవరి జనం ఎక్కువైతే వాళ్ల మాట చెల్లుతుందని పాదిరికీ తెలిసింది, హోజాకీ తెలిసింది. బతికున్నవాళ్లు చాలక చచ్చినవాళ్లను పంచుకోవడానికి బయల్దేరారు.

ఎలెంగూ మంచాన పడ్డప్పుడు యకూమిస్ ముందు పాదిరి లోయిజోస్ దగ్గరికే పోయాడు. "మీ ఆవిడ ఎమినే కదా, హోజాని పిలుచుకో," అన్నాడు పాదిరి. హోజా నెజిప్ దగ్గరికి పోయాడు. "ఎలెంగూ కదా, పాదిరిని పిలుచుకో," అన్నాడు హోజా. ఇద్దరూ తలుపులు వేసుకున్నారు. గుంత యకూమిస్ తనే తవ్వాడు. అప్పటినుంచి ఏ పండక్కీ ఆ రెండు గడపలూ తొక్కలేదు.

ఇప్పుడు తొక్కాడు. పాదిరి సారా గ్లాసు అతని ముందుకు జరిపాడు.

"రావయ్యా యకూమిస్! ఆదివారం వచ్చి అందరిముందూ శిలువను ముద్దు పెట్టుకో. గోడ నీ చోటు దాటించి కట్టిస్తాను. ఎలెంగూ ఎటూ మా మనిషే."

"ఎవరు, ఎమినేనా? ఆ పేరు మీరే చెప్పారుగా పాదిరిగారూ. పోయేముందు కల్మా చదివింది. మీరొచ్చి ఉంటే మీరూ వినేవారు."

పాదిరి గ్లాసు వెనక్కి లాక్కున్నాడు. "కల్మా చదివిన మనిషి మా నేలలోనా?"

"తవ్వి తీసేయండి."

"శవాన్ని కదిపితే ఊరు నన్ను బతకనిస్తుందా? గోడే ఇవతలికి జరుపుకుంటాను. ఆవిడ అటే పడి ఉంటుంది."

అక్కణ్ణుంచి యకూమిస్ హోజా ఇంటికి పోయాడు. అక్కడ కాఫీ ఇచ్చారు.

"యాకూబ్ ఆగా! శుక్రవారం నమాజుకు రా, చాలు. గోడ అటు జరిపించి ఎమినేని కూడా మనవైపు కలిపేసుకుందాం."

"ఎమినే ఎవరండీ? ఎలెంగూ పోతూ పోతూ శిలువ గుర్తు వేసుకుంది. మరియమ్మా అని కేక కూడా పెట్టింది. మీ తలుపు వేసి ఉంది కాబట్టి వినపడి ఉండదు."

"తౌబా, తౌబా!" అన్నాడు హోజా. "అయితే ఆ సమాధికి ఎడంగా మా గోడ మేమే కట్టుకుంటాం."

ఆ ఇద్దరూ ఒక్కసారి ఒకరినొకరు అడిగి ఉంటే యకూమిస్ పని ఖాళీ. కానీ ఏళ్లుగా వాళ్లకు మాటల్లేవు. దేవుడు ఆ ఇద్దరినీ అలా పుట్టించడం యకూమిస్‌కు తెలిసినంతలో దేవుడు చేసిన ఒకే ఒక్క మేలు.

రెండు గోడలూ హంబిసే కట్టాడు. రెండో గోడ సగానికి వచ్చాక తాపీ పక్కన పెట్టి అడిగాడు.

"అక్క కల్మా చదివిందని చర్చిలో చెప్పుకుంటున్నారు. శిలువ వేసుకుందని మసీదులో చెప్పుకుంటున్నారు. అసలు ఏమంది బావా?"

"జున్ను కుండ మీద మూత పెట్టావా అంది."

"పెట్టావా?"

"లేదు. చీమలు పట్టాయి."

హంబిస్ మళ్లీ తాపీ అందుకున్నాడు. గోడలు పూర్తయ్యేసరికి మధ్యలో సందంత నేల మిగిలింది. అది పాదిరిదీ కాదు, హోజాదీ కాదు. యకూమిస్ లోపలికి పోయి, ఎలెంగూ పక్కన వెల్లకిలా పడుకున్నాడు. ఎడమ భుజం గోడకు ఒరుసుకుంది.

"ఇరుగ్గా ఉందా బావా?" అన్నాడు హంబిస్ గోడ మీంచి వంగి.

"మంచం మీదా ఇంతే చోటిచ్చేది," అన్నాడు యకూమిస్, లేవకుండానే.