కుడివైపు రెండు గీతలు

మ్యూజియంలో ఎముకల గది మెట్ల కింద ఉంటుంది. అక్కడ పనిచేసే ఆమెను అందరూ కొలతలమ్మ అంటారు. ఆ పేరు ఆమె సొంతంగా సంపాదించుకున్నదేమీ కాదు, వాళ్ల నాన్న కొలతలయ్య కాబట్టి వచ్చింది. ఆయన ముప్పై ఏళ్లు అదే బల్ల ముందు కూర్చుని, ఊళ్లో చచ్చిపోయిన పావురాల రెక్కల ఎముకలు కొలిచాడు. కుడిది, ఎడమది. ఒక్కో ఎముకా మూడుసార్లు, మూడు వేర్వేరు రోజుల్లో. రాత్రికి రాత్రి ఎముకలు పెరుగుతాయని ఈయన అనుమానం కాబోలు అని తోటివాళ్లు వేళాకోళం చేసేవారు. ఆయన నవ్వేసి, మర్నాడు మళ్లీ కొలిచే కాలిపర్ తీసేవాడు.

పోతూ పోతూ అరవై రెండు నోటుబుక్కులు వదిలి వెళ్లాడు. ఇప్పుడు వాటికీ నూకలు చెల్లే రోజు వచ్చింది. కొత్త డైరెక్టరమ్మ గదిలో పాత సామానంతా తీయించేస్తోంది. మనిషి చెడ్డదేం కాదు, ముక్కుసూటి మనిషి.

"చూశానండీ ఇవి. ఏ సంవత్సరం లెక్క తీసినా సగటున కుడి రెక్క ఎముకే రెండు గీతలు పొడుగని వస్తోంది. పావురాల్లో ఇలాంటిది ఇంకెవరికీ కనపడలేదు. కొలిచినాయన చెయ్యే తేడా అనుకుంటా. తప్పుడు లెక్కలు దాచుకోడానికి నా దగ్గర అల్మారాల్లేవు."

"పది రోజులు టైమివ్వండి మేడమ్. డ్రాయర్లలో ఎముకలున్నాయి. మళ్లీ కొలుస్తాను" అంది కొలతలమ్మ.

"సరే. ఈ పుస్తకాలు పనికొస్తాయని చూపించండి, ఉంచుదాం."

గీత అంటే మిల్లీమీటరులో పదో వంతు. అలాంటి రెండు గీతలే ఆయన జీవితంలో కనిపెట్టిన ఏకైక సంగతి. దాని మీద వ్యాసం రాసి పంపితే తిరుగు టపాలో వచ్చేసింది. ఆ సాయంత్రం ఆయన మొహం ఆమెకు ఇంకా గుర్తే.

అంతకంటే బాగా గుర్తున్నవి అన్నాల బల్ల దగ్గరి పాఠాలు. "అందరికీ గుండె ఎడమ పక్కనే ఉంటుందమ్మా. అది జాతి మొత్తానికీ ఉన్న వాటం. నీ ఎడమ చెవి చూడు, కుడిదానికంటే వెంట్రుకవాసి కిందకుంది. పక్కింటావిడకి కుడిది కిందకుంటుంది. అది ఎవరి తేడా వాళ్లది. పెరిగేటప్పుడు ఒంటికి కష్టమొస్తే ఆ తేడాలు పెరుగుతాయి" అనేవాడు. తర్వాత ఎముక అనుకోమని చెంచా ఆమె ఎడమ చేతిలో పెట్టి, చిటికెన వేలు కింద ఎలా ఆనించాలో, బొటనవేలితో ఎక్కడ నొక్కాలో చూపించేవాడు. కూర చల్లారిపోతోందని అమ్మ అరిచేది. ఆ చెంచాని ఎన్నిసార్లు కొలిచారో లెక్కే లేదు. అంత సుఖం మళ్లీ ఎరగదు కొలతలమ్మ.

నాలుగు రోజుల్లో వంద జతలు కొలిచింది. సగటున కుడిది రెండు గీతలు పొడుగు. ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ పెంపకం అలాంటిది, అక్కడితో ఆగనివ్వలేదు. ఎముకను కుడి చేతిలోకి, కాలిపర్‌ను ఎడమ చేతిలోకి మార్చి, తల ప్రాణం తోకకొస్తున్నా అవే వంద జతలు మళ్లీ కొలిచింది.

ఈసారి ఎడమది రెండు గీతలు పొడుగు.

వాటం పావురాలది కాదు. ఆ పట్టులో బొటనవేలు నొక్కినప్పుడు ఎముక కొంచెం పక్కకు ఒరుగుతోంది. కుడి ఎముక వంపు ఒకవైపు, ఎడమదాని వంపు మరోవైపు. అందుకే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నాన్న చేతిలో అదే జరిగింది. ఆయన నేర్పిన ఆమె చేతిలోనూ అదే జరిగింది.

ఇంటికెళ్లి అమ్మకు చెప్పింది. అమ్మ చేతిలో పని ఆపలేదు.

"ముప్పై ఏళ్లూ ఒకటే తప్పు చేశాడా?"

"అవునమ్మా. ఎప్పుడూ రెండు గీతలే."

"అయితే ఆయనే. రోజుకో రకం తప్పు చేశాడని చెప్తే నమ్మేదాన్ని కాదు."

కొలతలమ్మ నవ్వబోయి ఆగింది. ఎప్పుడూ ఒకటే అయితే తీసేయొచ్చు కదా. మర్నాడు పొద్దున్నే వెళ్లి, నోటుబుక్కుల్లో ప్రతి కుడి కొలతలోంచీ రెండు గీతలు కొట్టేసుకుంటూ పోయింది. జాతి వాటం మాయమైంది. ఏ పావురం తేడా ఆ పావురానికి మిగిలింది. ఒకదానికి కుడి, ఒకదానికి ఎడమ. మూడేసిసార్లు కొలిచాడు కాబట్టి, అందులో చెయ్యి వణుకు ఎంతో, పక్షిది ఎంతో విడదీయగలిగింది. మొదటి పదేళ్లు ఆ తేడాలు చిన్నవి. ఏటి పక్కన రంగుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడు నుంచి రెట్టింపయ్యాయి. అది మూతపడ్డాక మెల్లగా తగ్గాయి. నాన్నకు కనపడింది కుడి రెక్క ఒక్కటే. పక్షులు పడ్డ కష్టమంతా ఆ అంకెల కిందే ఉండిపోయింది.

డైరెక్టరమ్మ ఆ లెక్కల కాగితాలు రెండుసార్లు చదివింది. "ఇవి ఎక్కడికీ పోవు" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కానీ కుడి రెక్క సంగతి తప్పని మొదటి పేజీలోనే రాయాలి. మీరే రాస్తారా?"

"నేనే రాస్తాను."

రాసింది. ఆయనకు మిగిలిన ఒక్క గొప్పనీ తన చేత్తోనే కొట్టేసింది. నాన్న తర్వాత ఆ బల్ల ముందు తొమ్మిదేళ్లుగా తాను తీసిన కొలతలు కూడా ఇచ్చేస్తే డైరెక్టరమ్మ వాటిని పోల్చి చూసి ఆశ్చర్యపోయింది. "ఇద్దరు మనుషుల తప్పు ఇంత అచ్చుగుద్దినట్టు ఉండటం నేనెక్కడా చూళ్లేదండీ."

ఆ నెలాఖరుకు ఎముకను బిగించే స్టాండు వచ్చింది. ఇక చేత్తో పట్టుకోకూడదు. కొలతలమ్మ ఒక జత తీసి, కుడిది బిగించి కొలిచింది, ఎడమది బిగించి కొలిచింది. రెండూ సరిసమానంగా వచ్చాయి. ఆ రెండు గీతలూ లేవు. ఆమె తలుపు దగ్గరగా వేసి, ఎముకను నాన్న నేర్పినట్టు చిటికెన వేలు మీద ఆనించి, బొటనవేలితో నొక్కి, ఒక్కసారి కొలుచుకుంది. ఆ కొలతను ఎక్కడా రాయలేదు.