రాణి దూకని బండ

ఆ కొండ ఊళ్లో గైడు పని చేసేవాళ్లకి తలా ఒక మబ్బు కథ ఉంటుంది. మబ్బు దిగి లోయ కనిపించని రోజున, అంత దూరం వచ్చినవాళ్లు మొహాలు వేలాడేసుకుని పోకుండా చెప్పే కథ అది. ఎండ కాస్తే మాత్రం దాని ఊసెత్తకూడదు. కంటికి కనిపించేదే చూపించాలి. అది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు.

గైడులందరిలో పెద్దది పిన్ని. చిన్నాపెద్దా అందరూ అలాగే పిలుస్తారు. పడవల చెరువు, తెల్ల బంగళా, పిలిస్తే పలికే లోయ, అన్నీ తిప్పి చివరికి కొండ కొసన ఉన్న బండ దగ్గరికి తీసుకొచ్చేది. మబ్బుగా ఉంటే, ఒకప్పుడు ఒక రాణి మొగుడి కోసం ఈ బండ మీద ఏడేళ్లు ఎదురుచూసి దూకేసిందని చెప్పేది. చెబుతూ కొంగుతో కళ్లు కూడా ఒత్తుకునేది. ఇరవై ఏళ్ల కిందట, జడివానలో బస్సెడు జనం గొణుగుతుంటే, ఆ రాణిని పిన్నే అప్పటికప్పుడు పుట్టించింది.

ఇప్పుడు ఆ రాణే పిన్ని నెత్తికెక్కి కూర్చుంది.

ఊళ్లో చూడాల్సిన చోట్లన్నిటికీ పర్యాటక ఆఫీసువాళ్లు బోర్డులు పెడుతున్నారని వినగానే పిన్ని సంబరంగా ఇంటికెళ్లింది. "అమ్మా, నీ బండకి బోర్డు పెడుతున్నారే! ఆదివారం తీసుకెళ్లి చూపిస్తా" అని మాటిచ్చేసింది. అమ్మకి ఎనభై దాటాయి. ఆ ఊరికి రోడ్డూ మెట్లూ వేసినప్పుడు కింది వాగు నుంచి వీపున రాళ్ల గంపలు మోసిన ఆడవాళ్లలో ఇంకా మిగిలింది ఆవిడొక్కతే. పెద్ద పెద్ద ఆఫీసర్లు చల్లగాలికి బంగళాలు కట్టుకున్నారని పుస్తకాల్లో ఉంది గానీ, ఆ బంగళాల దాకా దారిని ఎవరు మోసుకొచ్చారో ఎక్కడా లేదు. గంప దించకుండా అలాగే ఆనించి ఊపిరి తీసుకోవడానికి వాళ్లకున్నది ఆ బండే. గంపలు రాసుకుని రాసుకుని దాని అంచు నున్నబడింది. వాళ్లు దాన్ని బరువుల బండ అనేవాళ్లు.

తీరా చూస్తే బోర్డు మీద 'రాణి దూకిన బండ' అని రాస్తున్నారు. పిన్ని అర్జీ పట్టుకుని ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది.

మూడోసారి వెళ్లినప్పుడు, "మళ్లీనా పిన్నీ?" అన్నాడు ఆఫీసరు.

"మళ్లీ కాక? రాణీ లేదు, గీణీ లేదు బాబూ. నేను కల్పించిందది."

"నేను కొత్తగా చేరినప్పుడు మీరే చెప్పారు కదండీ! మా ఆవిడ ఆ రోజంతా అన్నం ముట్టలేదు."

"ఆ రోజు మబ్బు నాయనా!"

"మబ్బేంటి, ఎండేంటి! ఇప్పటికి నాలుగు పుస్తకాల్లోకి ఎక్కింది. మీ బరువుల బండకి రాతలో ఒక్క ఆధారం చూపించండి."

"రాళ్లు మోసేవాళ్లకి రాసుకునే తీరికెక్కడిది?"

"మరి నన్నేం చెయ్యమంటారు?" అంటూ అతను అర్జీ మీద ఎర్ర సిరాతో 'ఆధారం లేదు' అని రాసి చేతిలో పెట్టాడు. అది మూడోసారి.

పిన్నికి తల ప్రాణం తోకకొచ్చింది. అబద్ధం చెబితే నెత్తిన పెట్టుకున్నారు, నిజం చెబితే కాగితం తెమ్మంటున్నారు!

ఆదివారం తెల్లారేసరికే అమ్మ మంచి చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఆ మొహం చూసి ఉన్నమాట చెప్పడానికి పిన్నికి నోరు రాలేదు. జీపులో పదిమంది సందర్శకులతో పాటు ఆవిడనీ ఎక్కించుకుని బయలుదేరింది.

కొండ కొసకి వెళ్లేసరికి ఒకటే మబ్బు. "పిన్నిగారూ, ఆ రాణి కథ చెప్పండి!" అని అందరూ చుట్టూ మూగారు. పిన్ని అమ్మ వైపు చూడకుండా, అప్పజెప్పినట్టు గబగబా నాలుగు ముక్కల్లో ముగించేసింది.

అమ్మ బండ పక్కన కూర్చుని శ్రద్ధగా అంతా విని, "ఎవరే ఆ రాణి? మా గుంపులో మోసిందా?" అంది.

అందరూ గొల్లున నవ్వారు.

"ఏడేళ్లు కూర్చోనిచ్చారా! మేం రెండు నిమిషాలు ఆగితే మేస్త్రి తిట్టిపోసేవాడమ్మా."

అంతలో గాలి విసిరింది. మబ్బు పక్కకి జరిగింది. బండ కింద నిలువెత్తు లోతు కూడా లేదు. అక్కడో వెడల్పాటి అరుగు, దాని కింద మెలికలు తిరిగిన రోడ్డు వాగు దాకా కనిపించాయి.

"ఇక్కడ దూకితే మోకాలు కూడా గీసుకోదు కదండీ!" అన్నాడొకాయన.

ఎండ వచ్చింది కదా, ఇక కనిపించేదే చెప్పాలి. పిన్ని రోడ్డు చూపించి, మలుపు మలుపుకీ ఎవరు మోశారో చెప్పుకొచ్చింది. అమ్మ లేచి బండ అంచుకి వీపు ఆనించింది. ఆ నున్నటి చోటు ఆవిడ కొలతకే చెక్కినట్టుంది. ముగ్గురు నలుగురు నోళ్లు తెరుచుకుని విన్నారు. మిగతావాళ్లు అప్పటికే పాతేసిన రాణి బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

"మా సంగతి ఎక్కడ రాశారే? చదివి పెట్టు" అంది అమ్మ.

"లేదమ్మా. రాయలేదు." ఆ మాట అనడానికి పిన్నికి వారం పట్టింది.

అమ్మ బోర్డుని పైనుంచి కిందికి చూసింది. "ఇంత పలక ఉంది, చోటు చాల్లేదా?"

పిన్ని సంచిలోంచి నలిగిపోయిన అర్జీ తీసింది. అమ్మ బొటనవేలికి పెన్ను సిరా రుద్ది, మూడు ఎర్ర రాతల కింద మిగిలిన జాగా చూపించింది. "రాతలో ఆధారం కావాలట. ఇక్కడ నొక్కు."

అమ్మ బండనే బల్ల చేసుకుని గట్టిగా నొక్కింది.

"రేపు ఆఫీసు తలుపు తీసేసరికి అక్కడుంటాను" అంది పిన్ని, కాగితం మీద ఊదుతూ.

"నేనూ వస్తా."

"చాలా మెట్లున్నాయే అమ్మా, ఎక్కలేవు."

"ఆ మెట్ల రాళ్లు వీపున మోసినదాన్ని. ఊరికే ఎక్కడానికేం?" అంది అమ్మ.