ఆరలేదు

అణువిద్యుత్ ప్లాంటు లాండ్రీలో పొద్దున్నే మొదటి పని బట్టలు తడిమి చూడటం. లోపలికి వెళ్ళేవాళ్ళు వేసుకునే సూట్లను అక్క ఒక్కొక్కటే పట్టి చూసి, "ఆరింది" అంటూ కిటికీలోంచి అందిస్తుంది. తడి బట్టయితే రేడియేషన్ ధూళి ఒంటిదాకా దిగుతుంది. అందుకే ఆమె ఆ మాట అననిదే ఎవరూ ఇనుప తలుపు దాటకూడదు.

ఆమె అక్కడ అందరికీ అక్కే. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే, పైపుల ఫిట్టరు.

ఆ మధ్య లోపల గొట్టం పగిలి ప్రమాదం జరిగింది. అప్పట్నుంచి కొన్ని సూట్లు ఆరడం మానేశాయి. ఎవరి ఒంట్లోకి మోతాదు మించి ఎక్కిందో వాళ్ళ సూటు, ఎంత ఎండలో వేసినా కారుతూనే ఉండేది. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. సూటు కింద బకెట్ పెట్టి, మనిషిని బయటి పనికి మార్చేవాళ్ళు. అంతే.

ఇవాళ తమ్ముడి సూటు కింద బకెట్ నిండింది.

"నీ సూటు కుళ్ళికుళ్ళి ఏడుస్తోందిరా, పెళ్ళి చెయ్యమంటోందేమో!" అన్నాడు వరసలో వెనకున్న వెల్డరు.

"ముందు దానికే చెయ్యండి, నేను ఆగుతా" అని, తమ్ముడు కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు. "అక్కా, ఆరిందని చెప్పవే. ఆ పగిలిన గొట్టం వాల్వు బిగిస్తే పర్మనెంటు చేయిస్తానన్నాడు మేస్త్రీ."

"లోపలికెళ్ళినప్పుడు బిళ్ళ పెట్టుకుంటున్నావా?"

ఒంటికి ఎంత తగిలిందో లెక్కగట్టే బిళ్ళ అది, ఛాతీకి తగిలించుకోవాలి. వాడు తన టిఫిన్ డబ్బా వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. బిళ్ళ లెక్క నిండితే లోపలి పని పోతుందని దాన్ని డబ్బాలో దాచి, డబ్బా బయట వదిలి వెళ్ళేవాడు. డబ్బాకి ఏమీ కాలేదు. మోతాదంతా తిన్నది వీడే.

మేస్త్రీ రానే వచ్చాడు. "ఏంటమ్మా ఆలస్యం? వీడి బిళ్ళ శుభ్రంగానే ఉందిగా! ఆ వాల్వు వీడికి తప్ప లొంగదు. ఆరిందని ఒక్క మాట అను, మిగతాది నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటారు?"

మేస్త్రీ తన బూట్లు చూసుకున్నాడు.

తమ్ముడికి పర్మనెంటు కావాలని ఆమెకు మాత్రం లేదా? పొద్దుట్నుంచీ ఆ సూటును ఇస్త్రీ చేస్తూనే ఉంది. పెట్టె ఎత్తిన చోటల్లా నీళ్ళు ఊరుతున్నాయి.

"ఆరలేదు" అంది, వరస చివరిదాకా వినబడేలా.

వెల్డరు మెల్లగా తన డబ్బా తెరిచి, అన్నం పక్కనున్న బిళ్ళ తీసి చొక్కాకి తగిలించుకున్నాడు. వరస పొడుగునా డబ్బాల మూతలు తెరుచుకున్నాయి. మేస్త్రీ వాటిని చూసి, చూడనట్టే వెళ్ళిపోయాడు.

"నిలువునా ముంచావు కదే!" అన్నాడు తమ్ముడు.

"ఊఁ. లోపలికొచ్చి ఈ కొస పట్టుకో."

చెరో కొస పట్టుకుని సూటును మెలితిప్పారు. నీళ్ళు ధార కట్టాయి. ఎంత పిండినా ధార సన్నబడలేదు.

"బకెట్ మార్చు" అంది అక్క.

వాడు మార్చాడు.