గురువారం వంట ఎవరిది?

జపాను దేశపు కోబే నగరంలో చెప్పుల కర్మాగారాల వెనక సందు. ఆ గురువారం సాయంత్రం కూడా ఖాయ్ నడుముకు గుడ్డ కట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డాడు. పల్చని బియ్యపు అప్పడాల్లో మాంసం చుట్టిన నెమ్‌లు మూకుడులో సలసల వేగుతున్నాయి. స్నేహితుడొకడు ఫోన్‌తో ఫోటో తీశాడు.

"పరాయి దేశంలో పెళ్ళానికి వండిపెట్టే మొగుడు మన వియత్నాం వాళ్ళలో ఇంకొకడు ఉన్నాడా? వదినా, పెట్టి పుట్టావు!"

ఖాయ్ భార్య థోవా నవ్వింది.

ఆ ఫోటోలో పడని సంగతి పాఠకులకు చెప్పవలసి ఉంది. ఖాయ్ కర్మాగారంలో చెప్పులకు అట్టలు అతికిస్తాడు. థోవా వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తుంది. సర్కారు పరీక్ష పాసైతే ఆమె ఉద్యోగం స్థిరపడుతుంది. ఆ పరీక్షకు గురువారం సాయంత్రాలు ఉచితంగా పాఠాలు చెబుతారు. అందుకే ఆ పూట వంట ఖాయ్ వంతని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.

ఒప్పందం బాగానే ఉంది. కానీ మాంసం కొట్టేది థోవా. ఆకుకూరలు కడిగేది, అప్పడాలు తడిపి చుట్టేది, వెల్లుల్లి దంచి చేపసాసులో నిమ్మరసం కలిపేది థోవా. ఖాయ్ పొయ్యి వెలిగించి నూనెలో వేస్తాడు. తిన్నాక గిన్నెలు, నూనె చిందిన గోడ మళ్ళీ థోవాకే. ఆమె తరగతికి చేరేసరికి సగం పాఠం అయిపోయేది. "కాస్త ముక్కలైనా నువ్వు కోసుకోరాదా?" అని ఎన్నోసార్లు అడిగింది. "వండేది నేనేగా, ఇంకా ఏడుపెందుకు?" అనేవాడు.

థోవా పరీక్ష తప్పింది.

ఫలితం తెలిసిన రోజు ఖాయ్ పదిమందిలో అన్నాడు: "గరిటె నేను పట్టుకుని దీన్ని చదువుకోమన్నాను. బుర్రకు ఎక్కకపోతే నేనేం చేసేది?"

అందరూ నవ్వారు. థోవాకు ఒళ్ళంతా మండింది. ఆ నవ్వును మనసులో భద్రంగా దాచుకుంది.

కొన్నాళ్ళకు తనే ఎత్తింది మాట. "మీ మేస్త్రీ ఒకామురా గారిని భోజనానికి పిలవకూడదూ? నీ చేతి నెమ్‌లు రుచి చూపిద్దువుగాని. న్యాన్ బామ్మని కూడా పిలుద్దాం."

ఖాయ్ పొంగిపోయాడు. తనను జట్టుకు పెద్దను చేసే అధికారం ఒకామురాదే. ఇక న్యాన్ బామ్మ అంటే, ఆ సందులో అందరికంటే ముందు వచ్చి కాలూనిన మనిషి. ఆమె మాటకు అక్కడి వియత్నాం వాళ్ళందరూ తల వంచుతారు.

గురువారం వచ్చింది. చిన్న గదిలో అతిథులు ఇరుక్కుని కూర్చున్నారు. థోవా నీలం పట్టు దుస్తులు వేసుకుని, పుస్తకాల సంచీ పక్కన పెట్టుకుని, బామ్మ దగ్గర చేరింది.

ఖాయ్ ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడిపోయాడు. మాంసం రాయిలా గడ్డకట్టి ఉంది. ఆకుల వేళ్ళకు మట్టి కూడా వదల్లేదు.

"థోవా, ముక్కలెక్కడ పెట్టావే?"

"ఏ ముక్కలు? మాంసం ఫ్రిజ్‌లో ఉంది, కత్తి సొరుగులో ఉంది."

అతిథులు కిసుక్కున నవ్వారు. కాసేపటికి మళ్ళీ ఖాయ్ గొంతు వినిపించింది.

"సాసు ఏదీ?"

"పోయిన వారం అందరూ వేళ్ళు నాక్కున్నారుగా నీ సాసుకి! అలాగే చెయ్యి. నేను వేలు పెట్టి నీ చేతివాటం చెడగొట్టనులే."

గడ్డ విడీవిడని మాంసం కత్తికి లొంగలేదు. అప్పడాలు ఎక్కువ నానిపోయి వేళ్ళకు అతుక్కున్నాయి. చుట్టినవి నూనెలో విచ్చుకుని మాడాయి. గదంతా పొగ. ఒకామురా కళ్ళు తుడుచుకుంటూ ఖాళీ పళ్ళెం వైపు మర్యాదగా చూస్తున్నాడు. థోవా తాపీగా టీ తాగుతోంది. ఆమెకు జాలి కలగలేదు. ఆ టీ అంత తియ్యగా ఎప్పుడూ లేదనిపించింది.

ఖాయ్ చెమటలు కక్కుతూ బయటికొచ్చి అరిచాడు: "ఏం పొగరే నీకు! ప్రతి గురువారం ఇవన్నీ నువ్వేగా చేసేది! ఇవాళ ఏమొచ్చింది?"

ఏమన్నాడని ఒకామురా అడిగాడు. న్యాన్ బామ్మ పొల్లు పోకుండా జపాను భాషలో చెప్పింది.

థోవా లేచి నిలబడింది. "ఇవన్నీ చేసేది నేనే. మరి ఆ రోజు అందరి ముందూ ఏం చెప్పావు? నా బుర్రకు చదువు ఎక్కలేదన్నావు. ఇప్పుడు వీళ్ళందరూ ఉండగానే చెప్పు, నన్ను పరీక్ష తప్పించింది ఎవరు?"

ఖాయ్ వెనక్కి తిరిగి పొయ్యి ఆర్పాడు. థోవా సంచీ భుజాన వేసుకుంది. "తరగతికి వేళైంది" అని ఒకామురాకు వంగి నమస్కరించి వెళ్ళిపోయింది. మొదటిసారి ఆమె పాఠం మొదటి నుంచీ విన్నది.

అతిథులు అంగడి నుంచి నూడుల్స్ తెప్పించుకుని తిన్నారు. ఆమె తిరిగి వచ్చేసరికి మాడిన మూకుడు అలాగే ఉంది. "అది కూడా నీ వంతులోదే" అని పక్క పరుచుకుంది. తెల్లారేసరికి మూకుడు కడిగి ఉంది.

జట్టు పెద్ద పదవి వేరేవాడికి దక్కింది. ఖాయ్ ఉక్రోషం పట్టలేక బామ్మ దగ్గరికి పోయాడు.

"నలుగురిలో నా పరువు తీసింది బామ్మా! నాలుగ్గోడల మధ్య అడిగితే పోయేదిగా?"

"అడగలేదూ?"

ఖాయ్ నసిగాడు. "అడిగిందనుకో..."

"విన్నావా?"

అతను తల దించుకున్నాడు. బామ్మ చేతిలోని పని పక్కన పెట్టి అంది:

"నాలుగ్గోడల మధ్య నువ్వు వినలేదు గనకే నలుగురి ముందు వినిపించింది. వంతు తీసుకున్నవాడు కూర కడగడం దగ్గర మొదలెట్టి పొయ్యి తుడిచేదాకా చెయ్యాలి. చాకిరీ పెళ్ళానిదీ, పేరు మొగుడిదీ అయితే ఆ పేరు దొంగసొత్తే నాయనా. సొత్తు పోగొట్టుకున్న మనిషి వచ్చి లాక్కుంటే పరువు తీసిందని ఏడవకు."