నిదానం మందు

ఇంట్లో ఎలుకల సందడి ఆగిపోతే హమ్మయ్య అనుకుంటాం. అవి ఎక్కడికి పోయాయని అడిగేవాడు ఎవడు? ధాన్యం గోదాములో ఎలుకలమందు పెట్టే ఆ మనిషి కూడా పందొమ్మిదేళ్లపాటు అడగలేదు. జన్మలో సారా చుక్క ముట్టని అతన్ని తోటి హమాలీలు ‘మందు మావ’ అని ఆట పట్టించేవారు.

అతని పనితనమంతా ఒక్క కిటుకులో ఉంది. తిన్నచోటే ఎలుక చస్తే మిగతావి ఆ ఎర దగ్గరికి రావు. అందుకని అతను నిదానం మందు వాడేవాడు. తిన్న ఎలుక మూడు నాలుగు రోజులు తిరిగి, ఒంట్లో నెత్తురు కారిపోయి, బయట ఎక్కడో చచ్చేది. గోదాములో కంపు ఉండేది కాదు.

“నీ చేతిలో చస్తే చచ్చిన సంగతి ఎలుక్కే తెలీదోయ్!” అని సూపర్‌వైజరు మెచ్చుకుంటే మీసం తిప్పేవాడు.

గోదాము వెనక గోడను ఆనుకునే అతని పెరడు. మోకాళ్లు అరిగి మిల్లు పని మానేసిన భార్య పెరటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చునేది. వానాకాలంలో బట్టలుతికే బండ కింద కప్పలు, చలికాలంలో ఎక్కడినుంచో వచ్చి తోకాడిస్తూ నడిచే బూడిదరంగు పిట్ట, ఎండలు ముదిరాక నీళ్లతొట్టి దగ్గర కొట్లాడుకునే గోరింకలు. ఆమెకు చుట్టపక్కాలన్నీ అవే. ఈ వేసవిలో పాత పెంకుల గుట్టలో ఒక ముంగిస రెండు పిల్లల్ని పెట్టింది. చెప్పకుండా వస్తుంది, చెప్పకుండా పోతుందని దానికి ‘కోడలు’ అని పేరు పెట్టింది.

“ఇవాళ కోడలు పొద్దెక్కకముందే రెండెలకల్ని పట్టిందయ్యా. నీ జీతంలో సగం దానికిమ్మని మీ సూపర్‌వైజరుకి చెప్పు,” అనేది.

అతను నవ్వేవాడు కాదు. పెరట్లోకి వస్తే కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. వానల్లో గోడమీద కూసిన జెముడుకాకి చలికాలానికి కనబడలేదు. సందెవేళ రేకులమీద వాలే గుడ్లగూబ వేసవికి లేదు. ఏదో అనుమానం తగిలింది. దాన్ని గట్టిగా పట్టుకుని చూడటానికి మాత్రం మనసొప్పలేదు. ఇంతలో కొత్త ధాన్యం దిగింది. ఏడాదికేడాది ఎలుకలు పెరుగుతున్నాయని సూపర్‌వైజరు ఎర రెట్టింపు చేయించాడు.

మూడోరోజు పొద్దున అతను బూట్లు తొడుక్కుంటున్నాడు. గోడకున్న తూములోంచి ఒక ఎలుక బయటికొచ్చింది. పట్టపగలు, మనుషుల కళ్లముందే, తూలుతూ నీళ్లతొట్టి వైపు నడిచింది. ముంగిస ఒక్క ఉదుటున వచ్చి దాన్ని కరుచుకుంది.

“చూశావా! ఎంత తేలిగ్గా దొరికిందో!” భార్య చప్పట్లు కొట్టింది.

ఆ నడక అతనికి తెలుసు. చేతిలో బూటు విసిరాడు. ముంగిస ఎలుకతో సహా పెంకుల్లోకి దూరింది. అతను గుట్టమీద పడి పెంకులు పీకసాగాడు.

“ఏమయ్యా, పిచ్చిగానీ పట్టిందా? పిల్లలున్నాయక్కడ!”

“ఉన్నాయనేగా...” అతను మరో పెంకు లాగి అవతల పడేశాడు. “అది నేను పెట్టిన మందు తిన్న ఎలకే.”

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. “అయితే ఆ జెముడుకాకి... గుడ్లగూబ...”

అతను ఆఖరి పెంకు ఎత్తాడు. పెంకుల కింద సగం ఎలుకే మిగిలి ఉంది.

ఆ తర్వాత నాలుగోనాడు తల్లి ముంగిస బండ పక్కన పడి ఉంది, ముక్కు దగ్గర నెత్తురు ఎండి. ఒక పిల్ల చల్లబడిపోయింది. రెండోదానికి ఊపిరాడుతోంది. ఆమె దాన్ని పాత గుడ్డలో చుట్టి మొగుడి చేతిలో పెట్టింది. అతను పని ఎగ్గొట్టి పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

“నెత్తురు నిలవడానికి సూది వేశాను. బతుకుతుందని మాత్రం మాటివ్వను,” అన్నాడు ఆ ముసలి డాక్టరు. “చూడవయ్యా, ఎలక చచ్చినంత మాత్రాన దాని ఒంట్లో మందు చావదు. తిన్న ప్రతిదానికీ పంచుతుంది. ఎలకల్ని తినేవాటినన్నిటినీ నువ్వే చంపుకుంటూ పోతే, ఇక ఎలకలు పెరక్క ఏం చేస్తాయి?”

ఎర ఏటేటా ఎందుకు పెంచాల్సి వస్తోందో అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు ఎర డబ్బా తీసుకెళ్లి సూపర్‌వైజరు బల్లమీద పెట్టి, ముంగిస సంగతంతా చెప్పాడు. “ఇక పెట్టను సార్. కన్నాలు పూడుస్తాను, తూములకు జాలీ కొడతాను, బోన్లు పెడతాను.”

“ముంగిస పోతే సంతాపమా? నెల టైమిస్తున్నా. ఎలకలు తగ్గలేదా, నీ బదులు ఇంకొకడొస్తాడు.”

“గోడవతల నా ఇల్లుంది కాబట్టి నాకు తెలిసింది సార్. తెలియని గోడలెన్నున్నాయో!”

ఇప్పుడతను రోజంతా మోకాళ్లమీద పాకుతూ కన్నాలకు సిమెంటు మెత్తుతున్నాడు. వేళ్లు పగిలాయి. నెల గడిచేసరికి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఇంట్లో భార్య ఇంకా సూటిగా మాట్లాడటం లేదు. “ఇవాళ నాలుగు చుక్కల పాలు తాగింది,” అని గోడకు చెప్పినట్టు చెబుతుంది. అతను గోడకే తలూపుతాడు.

అయ్యా, చంపడం చిటికెలో పని. చొరబడకుండా అడ్డుకోవడం నడుం విరిగే పని. నడుం విరిగినా సరే, మనుషులమైన మనం నేర్చుకోవలసింది ఆ రెండో పనే.